రెండో కర్బనం దగ్గర

వానలు మొదలైతే తార్నాకలో
మా హాస్టల్ గోడ చెమర్చి, మూలన నల్లగా మచ్చ కడుతుంది.
అందరూ సున్నం తెమ్మంటారు.
నేను పుల్లతో గీకి గాజుపలక మీద పెట్టుకుంటాను.
నాకు డబ్బిచ్చేది దానికే,
అదీ మూడు నెలలకోసారి.

బూజుకీ గోడ ఉంటుంది, జొన్నకాడకీ ఉంటుంది.
కణం తన చుట్టూ తానే కట్టుకునే కోట,
చక్కెరతో.
ఎవరూ నమ్మరు. ఇంటికి వెళ్తే చిన్నమ్మ
"అయితే షుగర్ డాక్టరువా?" అంటుంది.
కాదు చిన్నమ్మా,
పూసలన్నీ ఒకే వాటంగా గుచ్చితే జొన్నపిండి,
ఒకటి నిటారుగా, పక్కది తలకిందులుగా గుచ్చితే చొప్ప.
పూస అదే.
రొట్టె నీకు, చొప్ప బర్రెకు.

ఆ చొప్పపూసకే
రెండో కర్బనం దగ్గర చిన్న కొమ్మ అంటుకట్టు,
నత్రజని ఉన్న కొమ్మ,
బొద్దింక రెక్క అవుతుంది, పీత డిప్ప అవుతుంది,
పుట్టగొడుగు గొడుగు అవుతుంది,
బూజు గోడ అవుతుంది.
కైటిన్.
ఇంత చిన్న తేడాకి ఇన్ని ప్రాణాలు.

మా ల్యాబులో గాజుసామాను కడిగేది బాలనర్సు.
చిలకలగూడ నుంచి మొదటి బస్సుకే వస్తాడు.
ఆటోక్లేవ్ మొరాయించకముందే
దాని కడుపునొప్పి కనిపెడతాడు.
ఎడమ కన్ను లేదు.
కరోనా తగ్గి ఇంటికొచ్చిన పదకొండో రోజు
చెంప మొద్దుబారిందట.
కోఠి ఆసుపత్రిలో మంచం దొరికేసరికి
పైదవడ సగం, కన్ను.
ఒక్క సూదిమందు సీసా కోసం
వాళ్ల తమ్ముడు నగరమంతా స్కూటర్ మీద తిరిగాడట.
ఇవన్నీ నాకు చెప్పింది అతను కాదు,
క్యాంటీన్ పుష్పలీల.

నేను పెంచుతున్నది ఆ బూజునేనని
రెండేళ్లు అతనికి చెప్పలేదు.
లోపలి గదిలో, తాళం వేసి,
మూతల మీద అంకెలు మాత్రమే రాసి.

ఒక మధ్యాహ్నం ఆ ట్రే వైపు గడ్డం చూపించి
"గిదేనా మేడం?" అన్నాడు.
అబద్ధం నోటిదాకా వచ్చింది.
"ఇదే."

రంగు పట్టించిన స్లయిడ్ మైక్రోస్కోపు కింద ఉంది.
ఉతికిన బట్టకి మెరుపు తెచ్చే మందు జాతి రంగది,
నూలుచొక్కాకీ బూజుకీ తేడా తెలియదు దానికి,
రెంటినీ ఒకేలా పట్టుకుంటుంది.
లైటు ఆర్పి పక్కకి జరిగాను.
కుడి కన్ను ఆనించాడు.

చీకట్లో నీలంగా వెలుగుతున్న పోగులు,
వెడల్పుగా, మలుపు తిరిగిన చోటల్లా కొమ్మ వేస్తూ.

"గింత సక్కగుంటదా ఇది"
తిట్టినట్టే అన్నాడు.
కన్ను తీయకుండానే
"ఏడ కొట్టాలె దీన్ని?"

ఆ మెరిసేది గోడ, అన్నాను.
మన ఒంట్లో ఏ కణానికీ గోడ లేదు, పలచని పొర అంతే.
అందుకే గోడని కొడితే దెబ్బ దానికే, మనకి తగలదు.
గోడలు కూల్చే మందులున్నాయి,
కానీ అవి ఊడలాగే ఇటుక దీని గోడలో తక్కువ.
దీని ఇటుక వేరు. దాని మీదే నా చదువు.

"దొరికిందా?"
"లేదు."
"ఎన్నేండ్లాయె?"
"నాలుగు."

చేతులు తుడుచుకుంటూ వెళ్లినవాడు
తలుపు దగ్గర ఆగాడు.
"మనకు గోడ లేదా?"
"లేదు."
"గందుకే గదా లోపలికొచ్చింది."

సింకులో కుళాయి చాలాసేపు పారింది.

మర్నాటి నుంచి మూతల మీద
పేరు పూర్తిగా రాస్తున్నాను.
అతను ఆ ట్రేని మాత్రం రెండుసార్లు ఉడికిస్తాడు.
ఒకసారి చాలని
నేను చెప్పను.